గోల్ఫ్ సంచిని ఎంచుకోవాల్సింది మోసేవారిని బట్టి

గోల్ఫ్‌లో బంతిని కొట్టే సమయం చాలా తక్కువ. ఒక్కో స్వింగ్‌కు రెండు సెకన్లు వేసుకున్నా, 90 దెబ్బల్లో 18 హోల్స్ ముగించిన ఆటగాడు క్లబ్బు ఊపింది మొత్తం మూడు నిమిషాలే. నాలుగు గంటలకు పైగా సాగే ఆటలో మిగతాదంతా నడక, గాలివాటు చూసుకోవడం, దూరం లెక్క, నిరీక్షణ. అంతసేపూ ఆటగాడి వెంట సంచి కదులుతూనే ఉంటుంది. డ్రైవర్ అనే క్లబ్బు తల ఆకారం గురించీ, బంతి మీది గుంటల గురించీ ఎంతో చర్చ జరుగుతుంది గానీ సంచి దగ్గరికి వచ్చేసరికి మాట రంగులతో, జేబుల లెక్కతో ఆగిపోతుంది. దుకాణంలో సండే బ్యాగ్, స్టాండ్ బ్యాగ్, కార్ట్ బ్యాగ్, స్టాఫ్ బ్యాగ్, ట్రావెల్ కవర్ అని పేర్లూ ధరలూ చెబుతారు. ఇన్ని రకాలు ఎందుకు పుట్టాయన్నది అక్కడ తెలియదు. నిజానికి ఇవన్నీ ఒకే ప్రశ్నకు దొరికిన వేర్వేరు జవాబులు: రెండు దెబ్బల మధ్య ఈ బరువును ఎవరు మోస్తారు? ఒక భుజమా, రెండు భుజాలా, చక్రాలా, మోటారు బండా, కూలికి వచ్చిన మరో మనిషా, విమానమా? మోసేవారు మారితే సంచి లావు, అడుగు, పట్టీ, జేబుల దిక్కు అన్నీ మారతాయి. కాబట్టి కొనేముందు తేల్చుకోవాల్సింది మోసేదెవరో. ఆ మోసేది సాటి మనిషి అయినప్పుడు తేలిక సంచిని ఎంచుకోవడం ఆటగాడి కనీస బాధ్యత అని నా వాదన.

బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు తూకం చూద్దాం. నిబంధనల ప్రకారం ఒక రౌండులో 14 క్లబ్బులకు మించి ఉంచుకోకూడదు. గ్రాఫైట్ షాఫ్ట్ ఉన్న డ్రైవర్ సుమారు 300 గ్రాములు తూగుతుంది. ఉక్కు షాఫ్ట్ ఐరన్లు ఒక్కోటి 400 గ్రాములు దాటతాయి, వెడ్జ్‌లు ఇంకాస్త ఎక్కువ, పటర్ అర కిలోకు అటూ ఇటూ. పద్నాలుగూ కలిపితే ఆరు కిలోలకు కొంచెం తక్కువ. బంతి 45.93 గ్రాములకు మించి తూగకూడదని నియమం, అంటే డజను బంతులు అర కిలోకు కాస్త పైన. లీటరు నీళ్ళు ఒక కిలో. గొడుగు, వానకోటు, తువ్వాలు, చేతి తొడుగు, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, టీలు కలిపి మరో కిలోన్నర. వెరసి తొమ్మిది కిలోల సరుకు. ఇది ఎవరి సంచిలోనైనా కాస్త అటూ ఇటుగా ఇంతే ఉంటుంది. ఖాళీ సంచి బరువులో మాత్రం ఎంతో తేడా ఉంది. సన్నటి సండే బ్యాగ్ కిలో, కిలోన్నర. స్టాండ్ బ్యాగ్ కిలోన్నర నుంచి మూడు కిలోలు. కార్ట్ బ్యాగ్ రెండున్నర నుంచి నాలుగు. వృత్తి ఆటగాళ్ళ స్టాఫ్ బ్యాగ్ ఐదు కిలోల దాకా, కొన్నిసార్లు ఆ పైన. ఖాళీగా ఉన్నప్పుడే ఇంత తేడా ఉంటే, నింపాక అది ఇంకా పెరుగుతుంది. జేబు ఉన్నచోట వస్తువు చేరుతుంది. రెండు డజన్ల బంతులు, అదనపు బూట్లు, ఎప్పుడూ వాడని స్వెట్టర్ పెద్ద సంచిలో చోటు చూసుకుంటాయి. అందుకే సరుకు నింపిన స్టాండ్ బ్యాగ్ 11, 12 కిలోల దగ్గర ఆగితే, స్టాఫ్ బ్యాగ్ 20 కిలోలకు చేరుతుంది. ఆ తేడాలో క్లబ్బుల వాటా ఏమీ లేదు.

ఈ బరువు ఒక్కరోజులో పెరిగింది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం స్కాట్లండ్ మైదానాల్లో క్యాడీలు, అంటే ఆటగాడి సామగ్రి మోసేవారు, ఐదారు క్లబ్బులను చంకలో ఇరికించుకుని నడిచేవారు. సంచి వాడకం ఆ శతాబ్దం చివరి దశకాల్లోనే ఊపందుకుంది. అప్పటి సంచి సన్నని కాన్వాసు గొట్టం మాత్రమే. 1890ల్లోనే ఆస్మండ్ పేటెంటు పేరుతో కొయ్య చట్రం, కొయ్య కాళ్ళతో తనంతట తాను నిలబడే ఒక సాధనం ఇంగ్లండులో అమ్మకానికి వచ్చింది. ఆటోమేటన్ క్యాడీ అని దానికి పేరు పెట్టారు. 1913లో బ్రూక్‌లైన్‌లో జరిగిన అమెరికా ఓపెన్‌ను ఔత్సాహిక ఆటగాడు ఫ్రాన్సిస్ విమెట్ గెలిచినప్పుడు అతని సంచి మోసిన ఎడ్డీ లోవరీకి పదేళ్ళు. అప్పటి సంచిని పదేళ్ళ పిల్లవాడు మోయగలిగాడు. 1916లో చిక్ ఎవాన్స్ ఏడు క్లబ్బులతోనే అమెరికా ఓపెన్ గెలిచాడు. హికరీ కొయ్య షాఫ్ట్‌లు పోయి ఉక్కు షాఫ్ట్‌లు వచ్చాక, ఒక్కో దూరానికి ఒక్కో క్లబ్బు అనే ధోరణి పెరిగింది. 1930ల్లో లాసన్ లిటిల్ వంటి ఆటగాళ్ళు ఇరవైకి పైగా క్లబ్బులతో బరిలోకి దిగారు. నైపుణ్యం స్థానాన్ని సామగ్రి ఆక్రమిస్తోందన్న ఆందోళనతో అమెరికా గోల్ఫ్ సంఘం 1938లో 14 క్లబ్బుల పరిమితి పెట్టింది. మరుసటి ఏడాది బ్రిటన్ అదే దారి పట్టింది. క్లబ్బులకు ఆ విధంగా హద్దు ఏర్పడింది. సంచికి మాత్రం ఈనాటికీ హద్దు లేదు.

ఒక భుజం, రెండు భుజాలు

సంచుల్లో అన్నిటికంటే తేలికైనది సండే బ్యాగ్. సన్నగా ఉంటుంది కాబట్టి పెన్సిల్ బ్యాగ్ అనీ అంటారు. ఒకే పట్టీ, ఒకటి రెండు జేబులు, లోపల గదులు దాదాపు ఉండవు. ఆరేడు క్లబ్బులు వేసుకుని, సాయంత్రం తొమ్మిది హోల్స్ ఆడి రావడానికీ, సాధన మైదానానికి వెళ్ళడానికీ ఇది సరిపోతుంది. మొత్తం ఐదు కిలోలు దాటదు గనుక ఒక్క భుజం మీద మోసినా ఇబ్బంది ఉండదు. అదే ఒంటి పట్టీని 12 కిలోల సంచికి తగిలిస్తే కథ మారుతుంది. 12 కిలోల సంచిని భూమి సుమారు 118 న్యూటన్ల బలంతో లాగుతుంది. ఆ సంచి గరిమనాభి వెన్నెముకకు 25 సెంటీమీటర్లు పక్కగా వేలాడుతోందనుకుందాం. ఒంటిని ఆ వైపు వంచే భ్రామకం దాదాపు 29 న్యూటన్ మీటర్లు. దాన్ని నిలువరించాల్సింది నడుముకు రెండో పక్కన ఉన్న కండరాలు. అవి వెన్నెముకకు ఆరు సెంటీమీటర్ల దూరం నుంచే లాగగలవు కాబట్టి సుమారు 490 న్యూటన్ల బలం పెట్టాలి. సంచి బరువూ, కండరాల లాగుడూ కలిసి నడుము పూసల మీద పడితే అది 60 కిలోల బరువుతో సమానం. ఇది సరళం చేసిన లెక్క. నడిచేవాడు సహజంగా రెండోవైపుకు కాస్త ఒరిగి ఈ భారాన్ని కొంత తగ్గించుకుంటాడు. అయితే ఆ ఒరుగుడుతోనే గంటల తరబడి నడవాలి. పైగా ఆ తర్వాత అదే నడుమును గట్టిగా తిప్పి బంతిని కొట్టాలి.

ఈ చిక్కుకు పరిష్కారం జంట పట్టీ. 1990ల మొదట్లో అమెరికాలో ఇజ్జో అనే సంస్థ దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. సంచి వీపు కింది భాగంలో అడ్డంగా ఒరిగి ఉంటుంది, బరువు రెండు భుజాలకు పంచుకుపోతుంది. కావడి మోసేవాడు రెండు కుండలనూ సమంగా నింపుకుని నిటారుగా నడిచిపోతాడు. ఒక కుండ ఖాళీ అయితే నాలుగడుగులు వేయడమే కష్టం. జంట పట్టీ పనిచేసేదీ ఆ సూత్రం మీదే. ఎడమకూ కుడికీ లాగే భ్రామకాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వెనక్కి లాగే బలం కొంత మిగులుతుంది, దాన్ని సరిచేయడానికి ఒళ్ళు కొద్దిగా ముందుకు వంగితే చాలు. అలా జరగాలంటే పట్టీలు ఒంటికి తగ్గ పొడవుకు సర్దుకోవాలి. వదులుగా వదిలేస్తే సంచి పిరుదుల కిందికి జారి, ప్రతి అడుగుకూ ఊగుతూ వెనక్కి లాగుతుంది. బరువైన వస్తువులను వీపుకు ఆనుకునే జేబులో పెట్టుకోమనడానికి కారణమూ ఇదే. గరిమనాభి ఒంటికి ఎంత దగ్గరైతే భ్రామకం అంత తక్కువ.

ఇలాంటి జంట పట్టీతో వచ్చే స్టాండ్ బ్యాగ్‌కు ఉన్న రెండో గుణం కాళ్ళు. 1980ల మధ్యలో అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన సన్ మౌంటెన్ సంస్థ ముడుచుకునే కాళ్ళను సంచిలోనే అమర్చి మార్కెట్‌కు తెచ్చింది. సంచిని నేలకు ఆనించి కాస్త ముందుకు వంచితే అడుగున ఉన్న మడత నొక్కుకుపోతుంది, దానికి కలిపిన కడ్డీ పైకి తోసుకువచ్చి రెండు కాళ్ళనూ విప్పుతుంది. ఎత్తగానే మళ్ళీ ముడుచుకుంటాయి. ఇది చిన్న సౌకర్యంగా కనిపిస్తుంది గానీ, లెక్క వేస్తే దాని విలువ తెలుస్తుంది. 90 దెబ్బల ఆటలో పచ్చిక గ్రీన్ మీద పటర్‌తో కొట్టే ముప్పై అయిదింటిని తీసేసినా, సంచిని దింపి ఎత్తే సందర్భాలు యాభైకి పైనే. పడుకోబెట్టిన సంచి అయితే యాభైసార్లు నేలదాకా వంగాలి. నిలబడే సంచి అయితే నడుము ఎత్తు నుంచే పట్టీ అందుకోవచ్చు. ఇక సంచి పడిపోకుండా నిలిచేది మూడు ఆనికల వల్ల: అడుగు అంచు, రెండు కాళ్ళు. ఈ మూడూ గీసే త్రిభుజం లోపల గరిమనాభి నుంచి దిగిన నిలువు గీత పడినంతసేపూ సంచి నిలుస్తుంది. పక్కవాలు ఉన్న నేల మీద ఆ గీత త్రిభుజం అంచుకు జరుగుతుంది, గాలి తోడైతే సంచి పడిపోతుంది. కొనేటప్పుడు కాళ్ళు ఎంత వెడల్పుగా విచ్చుకుంటాయో చూడమనేది అందుకే.

చక్రాల మీదికి ఎక్కితే

సంచి ట్రాలీ మీదికో మోటారు కార్టు మీదికో ఎక్కినప్పుడు భుజం ప్రసక్తి పోతుంది, కొత్త అవసరాలు వస్తాయి. కార్ట్ బ్యాగ్‌కు కాళ్ళు ఉండవు. అడుగు చదునుగా, పట్టులో తిరిగిపోకుండా ఉంటుంది. బండికి బిగించే పట్టీ జేబుల మీదుగా పోకుండా దానికి విడిగా సొరంగం లాంటి దారి చేస్తారు. సంచి వెనుకభాగం బండికి ఆనుకుని ఉంటుంది కాబట్టి జేబులన్నీ ముందుకీ పక్కలకీ తిరిగి ఉంటాయి. పై మూతిలో పొడవైన క్లబ్బులు వెనుక, పొట్టివి ముందు వచ్చేలా మెట్లుగా అమరుస్తారు. మామూలు స్టాండ్ బ్యాగ్‌ను బండికి కడితే పట్టీ కాళ్ళను నొక్కుతుంది, అడుగు మడత పడి కాళ్ళు విప్పుకోవాలని చూస్తాయి, సంచి పక్కకు తిరుగుతుంది. ఈ రెంటి మధ్యన వచ్చినదే హైబ్రిడ్ సంచి. కాళ్ళు ఉంటాయి గానీ వాటిని బిగించే ఏర్పాటూ, చదునైన అడుగూ కూడా ఉంటాయి. వారంలో ఒకరోజు నడిచి, మరోరోజు బండి ఎక్కే ఆటగాడికి అది తగిన రాజీ.

చక్రాలు బరువును మాయం చేయవు, మోసే పద్ధతిని మారుస్తాయి. చదును నేల మీద ట్రాలీని నెట్టేవాడు ఎదుర్కొనేది దొర్లుడు నిరోధాన్ని మాత్రమే. ఎత్తుకు ఎక్కేటప్పుడు బరువులో కొంత భాగం చేతికి తగులుతుంది: సంచితో కలిపి 20 కిలోలున్న ట్రాలీని ఐదు డిగ్రీల వాలు మీద ఎక్కించడానికి సుమారు 17 న్యూటన్లు, అంటే పావు తక్కువ రెండు కిలోల తోపు అదనంగా కావాలి. రెండు చేతులతో ముందుకు నెట్టే ట్రాలీకి ఇది పెద్ద పని కాదు. ఒంటి చేత్తో వెనక లాక్కుంటూ పోతే మాత్రం భుజం మెలిపడుతుంది. డెన్వర్‌లో పరిశోధకుడు నీల్ వోల్కోడాఫ్ చేసిన అధ్యయనం ఈ విషయంలో ఎంతో ఉపయోగపడుతుంది. తొమ్మిది హోల్స్‌కు సంచి మోస్తూ నడిచినవారు సగటున 721 క్యాలరీలు ఖర్చు చేశారు. ట్రాలీ నెట్టినవారు 718, క్యాడీతో నడిచినవారు 613, కార్టు ఎక్కినవారు 411. స్కోర్లు చూస్తే ట్రాలీకి సగటు 40, క్యాడీతో 42, కార్టులో 43, సంచి మోసినప్పుడు 45. అందులో పాల్గొన్నది ఎనిమిది మందే. అంత చిన్న గుంపును బట్టి స్కోర్ల తేడాను సిద్ధాంతంగా తీసుకోకూడదన్న అభ్యంతరం సరైనదే. శక్తి వినియోగం సంగతి వేరు, అది దేహధర్మానికి అనుగుణంగానే ఉంది. క్యాలరీల్లో పెద్ద వాటా నడకది. ట్రాలీతో భుజం భారం తగ్గినా వ్యాయామం అలాగే మిగిలింది.

బండే మోస్తోంది కదా, సంచి ఎంత బరువుంటే ఏమిటి అని అడిగేవారున్నారు. ఆట సాగినంతసేపూ ఆ మాట నిజం. ఆటకు ముందూ తర్వాతా దాన్ని కారు డిక్కీలోకి ఎత్తేది, దింపేది మనిషే. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. బరువు ఒంటికి 25 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పటి మాట అది. దూరం 50 సెంటీమీటర్లకు పెరిగితే పరిమితి సగానికి, అంటే 11.5 కిలోలకు పడిపోతుంది. డిక్కీ అంచు మీదుగా చేతులు చాచి, ఒంటిని మెలితిప్పి సంచిని లోపలికి తోసేటప్పుడు ఆ దూరం తేలిగ్గా వస్తుంది. నాలుగు గంటల ఆటలో పట్టని నడుము నాలుగు సెకన్ల ఎత్తుడులో పట్టేయడానికి కారణం ఇక్కడ ఉంది. కార్ట్ బ్యాగ్ కొనేవారు కూడా దాని ఖాళీ బరువునూ, ఎత్తడానికి గట్టి పిడులు ఎక్కడెక్కడ ఉన్నాయన్నదీ చూసుకోవాలి.

గదులు, గుడ్డ, వాన

తేలిక సంచి క్లబ్బులను కాపాడదు, త్వరగా పాడవుతుంది అన్నది మరో అభ్యంతరం. దీనిలో కొంత నిజం ఉంది. సంచి మూతిని నాలుగు, ఐదు, ఆరు గదులుగా విభజించేవి ఒక రకం, ఒక్కో క్లబ్బుకు ఒక్కో గదితో 14 గదులున్నవి మరో రకం. గ్రాఫైట్ షాఫ్ట్‌లో కార్బన్ పోగులు పొడవునా గట్టిగా ఉంటాయి గానీ, వాటిని పట్టి ఉంచే రెజిన్ పొర రాపిడికి అరుగుతుంది. బండి కుదుపులకు గది అంచు ఒకేచోట రుద్దుకుంటే అక్కడ ఉంగరంలా గీత పడుతుంది. అందుకే మంచి సంచుల మూతి అంచులకు మెత్తటి గుడ్డ చుడతారు. గదులు అడుగుదాకా ఉంటే కింద గ్రిప్పులు ఒకదానితో ఒకటి చిక్కుకోవు. 14 గదుల వల్ల ఇంకో మేలు ఉంది: క్లబ్బుల సంఖ్య చూపుతోనే తెలుస్తుంది. 2001లో రాయల్ లిథమ్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్ చివరి రౌండులో ఇయాన్ వూస్నమ్ రెండో హోల్ టీ దగ్గర తన సంచిలో 15వ క్లబ్బుగా అదనపు డ్రైవర్ ఉన్నట్టు తెలుసుకున్నాడు. రెండు స్ట్రోకుల జరిమానా పడింది, చివరికి ఉమ్మడి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. అయినా ప్రతి గదీ, ప్రతి గొట్టమూ బరువే. కుదుపులు ఎక్కువగా ఉండే కార్టు ప్రయాణానికి 14 గదులు అర్థవంతం. భుజాన మోసేటప్పుడు కుదుపు తక్కువ, నాలుగైదు గదులూ, డ్రైవర్ మీద ఒక తొడుగూ చాలు.

గుడ్డ విషయంలో పాతకాలపు లెక్కలు మారిపోయాయి. ఒకప్పుడు గట్టిదనమంటే తోలు, మందపాటి కాన్వాసు. నేడు ఎక్కువ సంచులు నైలాన్‌తో, పాలియెస్టర్‌తో తయారవుతున్నాయి. దారం మందాన్ని డెనియర్‌లో చెబుతారు, అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్య. మంచి నైలాన్ తక్కువ బరువులోనే చిరుగుకు బాగా తట్టుకుంటుంది కాబట్టి, తేలిక అనగానే నాసిరకం అనుకోనక్కర్లేదు. నీటి సంగతిలో రెండు వేర్వేరు గుణాలను కలిపి చూడకూడదు. పైపూత వల్ల చినుకులు జారిపోయే గుడ్డ ఒకటి, ఒత్తిడితో వచ్చే నీటిని కూడా లోపలికి రానివ్వని గుడ్డ మరొకటి. రెండోదాన్ని ఎంత ఎత్తు నీటి స్తంభాన్ని ఆపగలదో కొలిచి, 10,000 మిల్లీమీటర్లు అన్నట్టుగా చెబుతారు. గుడ్డ ఎంత మంచిదైనా కుట్ల రంధ్రాలు మూయకపోతే, జిప్పుకు రక్షణ లేకపోతే నీళ్ళు అక్కడి నుంచే దిగుతాయి. నైరుతి వానల్లో ఆడే మనవాళ్ళకు ఇది ముఖ్యం, నీరు పీల్చిన సంచి అదనపు బరువుతో వేలాడుతుంది, తడిసిన గ్రిప్పు చేతిలో జారుతుంది. వేసవిలో సమస్య ఎండది. మూసిన కారు డిక్కీ వేడికి గ్రిప్పుల కింది జిగురూ, క్లబ్బు తలను షాఫ్ట్‌కు అతికించే ఎపాక్సీ కూడా బలహీనపడతాయి. ఎంత ఖరీదైన సంచీ ఈ వేడిని ఆపలేదు.

మరో మనిషి మోసేటప్పుడు

స్టాఫ్ బ్యాగ్ దగ్గర ఈ వాదనకు అసలు పరీక్ష ఎదురవుతుంది. వెడల్పు మూతి, దృఢమైన గోడలు, తోలులాంటి పై కవచం, ఆటగాడి పేరు, కంపెనీ ముద్ర. టీవీలో మనం చూసే సంచి ఇదే. వృత్తి ఆటగాడికి దీనితో నిజమైన అవసరాలున్నాయి. ఏ వాతావరణానికైనా బట్టలు, బంతులు, ఆహారం, నీళ్ళు నాలుగు రోజుల పోటీలో సిద్ధంగా ఉండాలి. సంచి పైభాగం ప్రాయోజకుల ప్రకటన ఫలకం కూడా. దాన్ని మోసే క్యాడీ అందుకు తగ్గ శిక్షణ, సంపాదన ఉన్న వృత్తి నిపుణుడు, విజయంలో వాటాదారు. ఛాంపియన్లే వాడుతున్నప్పుడు మేం వాడితే తప్పేమిటని అడిగే ఔత్సాహికుడికి ఈ కారణాల్లో ఒక్కటీ వర్తించదు. అతనికి ప్రాయోజకుడు లేడు, నాలుగు రోజుల పోటీ లేదు. బరువు మాత్రం అంతే ఉంటుంది, దాన్ని మోసే మనిషికి దక్కేది ఆ పూట కూలి.

భారతదేశంలో ఇది గట్టిగా ఆలోచించాల్సిన విషయం. 1829లో మొదలైన కలకత్తా క్లబ్బుతో బ్రిటన్ వెలుపల గోల్ఫ్ మొదట వేళ్ళూనింది ఇక్కడే. క్యాడీతో ఆడటం ఇక్కడ నేటికీ మామూలు అలవాటు. ఇవాళ గోల్కొండ కోట నయా ఖిలా దగ్గరి హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బు నుంచి విశాఖలోని ఈస్ట్ పాయింట్ దాకా తెలుగు నేల మీదా ఈ ఆట ఆడుతున్నారు. దేశీయ గోల్ఫ్ గొప్పతనంలో క్యాడీల వాటా చిన్నది కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ వృత్తి ఆటగాడు అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడే. అలాంటి మనిషి భుజం మీద ఎంత బరువు పెట్టవచ్చు? మన ప్రభుత్వాలు ఈ ప్రశ్నను బడిపిల్లల విషయంలో వేసుకున్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం పదో తరగతి విద్యార్థి సంచికి ఐదు కిలోల పరిమితి పెట్టింది. 2020 నాటి జాతీయ బడిసంచి విధానం పిల్లల ఒంటి బరువులో పదోవంతు దాటకూడదంది. పెద్దవాళ్ళ ఎముకలు ఎదిగినవి, పిల్లల కొలత వాళ్ళకు వర్తించదని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. కానీ తేడా ఎంతుందో చూడాలి. 60 కిలోల మనిషి 20 కిలోల స్టాఫ్ బ్యాగ్ మోస్తే అది ఒంటి బరువులో మూడోవంతు. అదీ చాలావరకు ఒంటి పట్టీతో, ఎనిమిది నుంచి పది కిలోమీటర్ల దూరం, వేసవిలో 40 డిగ్రీల ఎండలో. అదే మనిషికి 11 కిలోల స్టాండ్ బ్యాగ్‌ను జంట పట్టీతో ఇస్తే భారం అయిదోవంతు కన్నా తక్కువ. ఆటగాడు కోల్పోయేది రెండు జేబులు, ఒక పెద్ద ముద్ర. ఎండలో నీళ్ళు ఎక్కువ కావాలి కదా అన్న ప్రశ్నకు జవాబు సులువు: నీళ్ళు తాగేకొద్దీ తగ్గే బరువు, దారిలో మళ్ళీ నింపుకోవచ్చు. సంచి గోడల బరువు పద్దెనిమిదో హోల్ దాకా తగ్గదు. బరువు తగ్గితే కూలి కూడా తగ్గించాలని చూడటం మాత్రం అన్యాయం. క్యాడీకి ఇచ్చేది గాలినీ, గ్రీన్ వాలునూ చదివే తెలివికి, ఆటగాడికి తోడుండే సమయానికి.

విమానం ఎక్కేటప్పుడు

ట్రావెల్ కవర్ మోసేది యంత్రాలు, బెల్టులు, తొందరలో ఉన్న చేతులు. అక్కడ శత్రువు తాకిడి. మీటరు ఎత్తు నుంచి పడిన పెట్టె ఒక సెంటీమీటరులో ఆగితే లోపలి వస్తువు మీద గురుత్వానికి వంద రెట్ల వేగ నిరోధం పడుతుంది. మధ్యలో పది సెంటీమీటర్ల మెత్తటి పొర నలిగి ఆపితే అది పదింతలకు దిగుతుంది. డ్రైవర్ తల సుమారు 200 గ్రాములు, దాన్ని పట్టుకున్న షాఫ్ట్ అందులో మూడోవంతు కూడా ఉండదు. అందుకే దెబ్బ తగిలితే విరిగేది మెడ దగ్గరే. గట్టి పెట్టెలు నలుగుడును బాగా ఆపుతాయి గానీ నాలుగు నుంచి ఆరు కిలోలు తూగుతాయి. అంతర్జాతీయ ప్రయాణంలో ఒక పెట్టెకు సాధారణంగా ఉండే 23 కిలోల పరిమితిలో పావు భాగం దానికే పోవచ్చు. మెత్తటి కవరులో డ్రైవర్ కన్నా కాస్త పొడవైన ఒక గట్టి కడ్డీని నిలబెడితే తలకిందులుగా పడినప్పుడు దెబ్బ ముందు ఆ కడ్డీకి తగులుతుంది. క్లబ్బు తలల చుట్టూ తువ్వాళ్ళూ బట్టలూ సర్దితే తాకిడిని ఆపే పొర ఏర్పడుతుంది. లోపలి సంచి స్టాండ్ బ్యాగ్ అయితే ఇదంతా పరిమితిలో సులువుగా ఇముడుతుంది, స్టాఫ్ బ్యాగ్ అయితే బూట్లకు కూడా చోటు మిగలదు.

చివరిగా ఒక వాదన ఉంది: ఆట వ్యాయామం కోసమే అయినప్పుడు బరువు మోయడం మంచిదేగా అని. స్వీడన్‌లో మూడు లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్ళ వివరాలు పరిశీలించిన కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు, అదే వయసు, లింగం, ఆర్థిక స్థితి ఉన్న ఇతరుల కన్నా వారిలో మరణాల రేటు 40 శాతం తక్కువని చెప్పారు. ఆట వల్ల ఆరోగ్యమా, ఆరోగ్యవంతులే ఆట ఆడుతున్నారా అన్నది అలాంటి అధ్యయనం పూర్తిగా తేల్చలేదు. ఆట వల్ల మేలుందని ఒప్పుకున్నా, దానికి దారి నడక అనే చెప్పాలి. డెన్వర్ అంకెలు చూపినట్టు ట్రాలీ నెట్టినా శక్తి అంతే ఖర్చవుతుంది. నడకను నిలబెట్టే సంచి ఆరోగ్యానికి మంచిది, నడవనివ్వకుండా కార్టు ఎక్కించే బరువు చెడ్డది. కాబట్టి కొత్తగా ఆట మొదలుపెట్టేవారు ఏడెనిమిది క్లబ్బులతో సండే బ్యాగ్‌తోనో, జంట పట్టీ ఉన్న రెండు కిలోల స్టాండ్ బ్యాగ్‌తోనో మొదలుపెడితే చాలు. ఎప్పుడూ కార్టులో తిరిగేవారికి కార్ట్ బ్యాగ్, రెండూ కావాల్సినవారికి హైబ్రిడ్. క్యాడీతో ఆడేవారు ఇంట్లో ఉన్న తూకం మీద నిండు సంచిని ఒకసారి నిలబెట్టాలి. పన్నెండు కిలోలు దాటితే జేబులు ఖాళీ చేయాలి, అప్పటికీ తగ్గకపోతే సంచి మార్చాలి. మైదానాలు నడిపే గోల్ఫ్ క్లబ్బులు కూడా సంచి మోసే మనిషి కోసం ఒక మంచి నియమం పెట్టుకోవచ్చు: ఇంత బరువు దాటిన సంచి చక్రాల మీదే వెళ్ళాలని. 1938లో క్లబ్బుల సంఖ్యకు హద్దు పెట్టినప్పుడు ఆట చెడిపోలేదు, మెరుగుపడింది. సంచి బరువుకు హద్దు పెట్టినా అదే జరుగుతుంది.